ఎంగిలి కాని రొట్టె

నన్ను గుడిలోంచి తీసేశారని వెంకటశేషమ్మ అన్నదట. ఆ మాటను నా దాకా మోసుకొచ్చింది చేపలమ్మే పేరమ్మ. గంప దించి, తలమీది చుట్టకుదురు తీసి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరో పోయిన కబురు చెప్పినంత మెల్లగా చెప్పింది.

"నాకెందుకులే అనుకున్నా గానీ, నీ మొకం చూస్తే మనసు ఊరుకోలా మే. బావికాడ వెంకటశేషమ్మ అంటా ఉండాది, కృపాదానం అయ్యవారి పెండ్లాం లేయమ్మ ఏందో తప్పు చేసిందంట, వాళ్ళ గుళ్ళోంచి తీసేసినారంట, మళ్ళా మొదట్నించి పిల్లకాయల మధ్యన కూచోబెట్టి పాఠాలు చెప్తా ఉండారంట. అవి ఒప్పజెప్తే గానీ అయ్యవారు ఏలుకోనన్నాడంట. నిజమేనా?"

"ఏం తప్పంట?" అన్నాను కానాగంత చేప పొట్ట కోస్తూ.

"అది చెప్పలా. అది చెప్పకపోబట్టే గదా బావికాడ ఎవురూ బిందె ఎత్తుకోలా."

పేరమ్మ పోయాక కూడా చాలాసేపు చేపలు కడుగుతూ అక్కడే కూర్చున్నాను. కోపం రావాలి. రాలేదు. కోపానికైనా కొంచెం తీరిక కావాలి. వెంకటశేషమ్మది మా ఎదుటి వీధి రైతు కుటుంబం. మా గుడి గడప తొక్కిన మనిషి కాదు. గుడి ప్రహరీ మీదుగా చూసిందేదో చూసింది. ముప్ఫై దాటిన ఆడమనిషి నెత్తిన ముసుగేసుకుని, మీసం మొలవని పిల్లల మధ్య చాప మీద కూర్చుని ఉంది. తప్పు చేస్తే తప్ప పెళ్ళయిన ఆడదాన్ని సాయంత్రం పూట ఎవరూ ఊరికే కూర్చోబెట్టరని ఆమెకు తెలుసు. ఆ లెక్క సరిగ్గానే వేసింది. ఒక్కచోటే పొరబడింది. తీసేయాలంటే ముందు నేను లోపల ఉండాలి. నేనెన్నడూ లోపల లేను.

మా మెథడిస్టు సంఘంలో పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. ఆ పూట బిడ్డ తరఫున ఒప్పుకునేది తల్లీ తండ్రీ. బిడ్డకు పన్నెండో పదమూడో వచ్చాక, ఈస్టరుకు ముందు ఉపవాసాల కాలంలో, శనివారం శనివారం పాస్టరయ్యగారు పాఠాలు చెప్పి, సంఘం ముందు నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. అప్పుడు తన నోటితో తాను ఒప్పుకోవాలి. దాన్ని నిర్ధారణ అంటాం. అది అయినవాళ్ళే సంఘంలో పూర్తి సభ్యులు, వాళ్ళకే ప్రభువు బల్ల దగ్గర మోకాళ్ళూని రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకునే వీలు. నాకు ఆ నిర్ధారణ కాలేదు. బడి అయ్యవారి భార్యను, సంఘపెద్ద భార్యను, పైగా ఆ బల్ల మీది రొట్టె నా పెనం మీద కాలిందే. అయినా కాలేదు.

కావలి దగ్గర మా ఊళ్ళో నా ఈడు పిల్లలకు పాఠాలు మొదలైన శనివారమే మా అమ్మకు కాన్పయింది. ఆ తర్వాతి వారం పసిగుడ్డు తమ్ముణ్ణి గుండెకు పొదువుకుని గుడి గుమ్మంలో నిలబడ్డాను. వాడు ఏడ్చాడు. అయ్యగారు తలెత్తి, "వచ్చే ఏడు రా తల్లీ" అన్నారు. వచ్చే ఏడు అమ్మ మంచం పట్టింది. ఆపై ఏడు నాకు పెళ్ళి. సభ్యత్వం లేనిదానికి గుడిలో పెళ్ళెలా చేశారంటే, చేశారు. వరుడు బడిపంతులు, బల్ల దగ్గరికి పోయే మనిషి. వధువు సంగతి ఎవరూ అడగలేదు. ఈ సముద్రపు ఒడ్డు పాళేనికి వచ్చాక ఒక ఏడు కడుపుతో ఉన్నాను, ఒక ఏడు పచ్చి బాలింతను, ఒక ఏడు మొలగొలుకుల వరి కోతలు ఆలస్యమై కళ్ళాలు తెమల్లేదు, ఇంకో ఏడు మా అత్త ఎస్తేరమ్మ కాలు విరిగింది. తుఫాను గుడి కప్పు ఎత్తుకుపోయిన ఏడు పాఠాలే లేవు. "వచ్చే ఏడు చూద్దాంలే మే, నువ్వెక్కడికి పోతావు, గుడెక్కడికి పోతాది" అనేవారు మా ఆయన. ఆయన అన్నది నిజమే. నేనూ ఎక్కడికీ పోలేదు, గుడీ ఎక్కడికీ పోలేదు. మా ఇద్దరి మధ్య ఇసుక మీద నడిచి నడిచి ఒక బాట మాత్రం పడింది, రొట్టె తట్ట మోసిన బాట.

ఆ రొట్టె చేయడం మా అత్త నేర్పింది. మా అత్తకు పూర్వం ఒక దొరసాని నేర్పిందట. మెథడిస్టుల బల్ల మీదికి కల్లు వాసన వచ్చేదేదీ రాకూడదని, ఎండుద్రాక్ష నానబెట్టి, కాచి, పిసికి, పలుచటి గుడ్డలో వడగట్టి రసం తీయడం కూడా ఆమె నేర్పిందే. ఎంగిలి చేయకూడదన్నది మాత్రం దొరసాని నేర్పలేదు. అది మా అత్త బాప్తిస్మానికి ముందరి కాలం నుంచి పుట్టింటి సొత్తులా దాచుకుని తెచ్చుకుంది. "దేవుడి కాడికి పొయ్యేదాన్ని నాలిక మీద పెట్టుకుంటే ఆ నాలిక కుళ్ళిపోతాది" అనేది. రసం తీపి చాలిందో లేదో వాసన చూసి తెలుసుకోవాలి. వేలికంటింది కూడా నాకకూడదు, కొంగుకు తుడుచుకోవాలి. నా పాత చీరల కొంగులన్నిటికీ ఆ మరకలున్నాయి. ఎన్నో ఏళ్ళు నా వేళ్ళలోంచి జారిపోయిన ఆ రసం ఎలా ఉంటుందో నాకు తెలియదు. చేపల పులుసులో చింతపండు ఎంత పడాలో నోట వేసుకోకుండా చెప్పగలను, ఎందుకంటే ఒకప్పుడు రుచి చూశాను కాబట్టి. దీనికి ఆ ఒకప్పుడు లేదు.

మరి ఇన్నేళ్ళు సంఘంలో ఎవరూ గమనించలేదా అంటే, దానికి కారణం పిల్లలు. నెలకొక ఆదివారం బల్ల ఉంటుంది. గుడి చిన్నది. ఒక్క బిడ్డ గుక్కపట్టినా అయ్యగారి మాట వినబడదు. నేను కొత్త కోడలిగా వచ్చిన నెలలోనే ఎవరి బిడ్డో ఏడుస్తుంటే మా అత్త నన్ను మోచేత్తో పొడిచి, "బయటికెత్తకపో మే, వాళ్ళమ్మ బల్లకాడికి పోవాల" అంది. ఎత్తుకుపోయాను. ఆ తర్వాత నెల ఇద్దర్ని. పోను పోను చెప్పడం కూడా మానేశారు. పాట అందుకోగానే తల్లులు ముందుకు నడుస్తూ నడుస్తూ నా ఒళ్ళో ఒకరి పక్కన ఒకరిని దించిపోయేవాళ్ళు. నా బిడ్డలూ, వాళ్ళ బిడ్డలూ, అందరినీ వేసుకుని గుడి బయట సరుగుడు చెట్ల కింద కూర్చునేదాన్ని. కిటికీలోంచి అంతా వినబడేది. రండి అని పిలవడమూ వినబడేది. కాసేపటికి వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి ఎవరి బిడ్డను వాళ్ళు ఏరుకునేవాళ్ళు. "ఏడ్చినాడా?" అని అడిగినవాళ్ళే గానీ "నువ్వు పోలేదా?" అని అడిగినవాళ్ళు లేరు. నేను బల్లకు దూరంగా ఉన్నానని ఎవరికీ తోచలేదు. పని మీద ఉన్నాననుకున్నారు.

ఈ ఏడు మా పెద్దది కరుణాకుమారి వంతు వచ్చింది. మొదటి పాఠానికి పంపుతూ తల దువ్వుతున్నాను. అది అద్దంలోంచి నన్ను చూసి, "అమ్మా, నువ్వు మొదటిసారి పుచ్చుకున్నప్పుడు రొట్టె ఎట్టుండింది?" అంది.

"నేను పుచ్చుకోలేదు."

"మొదటిసారా?"

"ఎప్పుడూ."

అది అద్దం వదిలి నా వైపు తిరిగింది. జడ నా చేతిలోంచి ఊడిపోయింది. "మరి రొట్టె చేసేది నువ్వు గదమ్మా" అంది. దానికేం చెప్పను? రేపు ఇదీ ఏదో ఒక గుడి బయట చెట్టు కింద కూర్చుంటుంది, దీని కూతురు అద్దంలోంచి ఇదే మాట అడుగుతుంది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్ళు చల్లి, దానితోపాటు బయల్దేరాను.

నన్ను చూసి పాస్టరయ్యగారు ముందు నా చేతుల వైపు చూశారు, కాఫీ తెచ్చాననుకుని. పాఠానికే వచ్చానంటే ఒక్క క్షణం తడబడి, "సంతోషం తల్లీ, కూచో" అన్నారు. మంచివారే. ఆ రోజు ఆయన చెప్పిన మొదటి మాట నాకు గోరింట పండినట్టు పండిపోయింది. "చిన్నప్పుడు మీ తరఫున ఇంకొకరు ఒప్పుకున్నారు. ఇక మీ నోటితో మీరే చెప్పాలి. తల్లి బిడ్డ తరఫున గానీ, మొగుడు పెళ్ళాం తరఫున గానీ చెప్పడానికి లేదు." పిల్లలకు ఆ ఆఖరి మాట నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన కంచంలో చెయ్యి కదపలేదు. "సంఘపెద్ద పెండ్లానికి నిర్ధారణే కాలేదంటే నన్నేమంటారు? ఇన్నేండ్లు కండ్లు మూసుకోనుండినావా అంటారు."

మూసుకుని లేరా అని అడగలేదు. పులుసు వడ్డించాను.

"అంతగా కావాలంటే వచ్చే బల్లకు వచ్చి మోకాళ్ళూను. ఎవురడుగుతారు? అందరూ నువ్వు సభ్యురాలివనే అనుకుంటా ఉండారు."

"దొంగతనంగానా?"

"నువ్వు చేసిన రొట్టె నువ్వు తింటే దొంగతనమెట్టవుతాదే?"

ఆశ్చర్యపోయాను. దాన్ని చేసేది నేనని ఆయనకు తెలుసన్నమాట.

మా అత్త గడప మీద కూర్చుని ఆకు నములుతూ అంది, "పిల్లకాయల్లో కూచుంటే పిల్లకాయవైతావా? ఎచ్చులు గాకపోతే. సాయంత్రం బర్రెకు కుడితెవురు పెడతారు, నీళ్ళెవురు కాస్తారు? మేమంతా ఎత్తుకోలా బిడ్డల్ని? మాకు దేవుడు లేడా?"

"నువ్వు బల్లకాడికి పోయినాక ఎత్తుకున్నావత్తా. నేను పోకముందే ఎత్తుకున్నా."

అత్త ఆకు నమలడం ఆపింది. మళ్ళీ నమిలింది.

ఆ శనివారాలు ఎలా గడిచాయో చెప్పుకుంటే సిగ్గు. తెల్లవారకముందే లేచి రెండు పూటల వంటా ఒకేసారి వండి, కుడితి కలిపి, నీళ్ళు పట్టి, గుడ్డలు జాడించి, పరుగున పోయి చాప మీద కూలబడేదాన్ని. పొద్దుటి నుంచి నా నడుం నేలకు ఆనేది అప్పుడే. తూర్పు కిటికీలోంచి సముద్రపు గాలి. అయ్యగారి గొంతు జోలపాటలాంటిది. ఒక శనివారం పది ఆజ్ఞల పాఠం. ఆయన నన్ను లేచి నాలుగో ఆజ్ఞ చెప్పమన్నారట, విశ్రాంతి దినం గురించి. నేను గోడకు తలానించి గురకపెడుతున్నాను. పిల్లల నవ్వుకు ఉలిక్కిపడి లేచి, "వస్తా ఉండా, వస్తా ఉండా, ఎసరు పొంగిందా?" అన్నానట. వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అయ్యగారూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వే తేలిక. కరుణాకుమారి మాత్రం నవ్వలేదు. ఇల్లు చేరగానే నా కంటే ముందు పోయి కడవ తీసుకుంది.

ఆ గురక సంగతి ఊరంతా పాకింది. దానికి తోడు వెంకటశేషమ్మ కథ. బావి దగ్గర పుట్టింది బడి దాకా, బడి దగ్గర్నుంచి మా ఆయన చెవి దాకా పోయింది. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు నిర్ధారణ, ఆ వెంటనే బల్ల. ఇంకా వారం ఉందనగా మా ఆయన పాస్టరయ్యగారిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. నేను కాఫీ ఇచ్చి తలుపు వెనక నిలబడ్డాను.

"తల్లీ" అన్నారు అయ్యగారు, గ్లాసు వంక చూస్తూ, "నీకు పాఠాలన్నీ వచ్చినాయి. సంఘం ముందర ప్రశ్నలడగటం అదంతా పిల్లలకు. ఊళ్ళో మాటలు నీ దాకా వచ్చే ఉంటాయి. ఇక్కడే, ఇంట్లో, ప్రార్థన చేసి నిర్ధారణ చేసేస్తాను. దేవుడి దృష్టిలో తేడా ఏముంది?"

మా ఆయన నా వైపే చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. ఆయన నన్ను బతిమాలుకోవడం నేనెరగను. ఒప్పుకుంటే ఏం పోయింది అనిపించింది. మంచం మీద పడుకుని నిద్రపోవచ్చు అనిపించింది. నా ఒళ్ళంతా ఒప్పుకోమనే అంది. నోరు మాత్రం వేరే మాట అంది.

"ఇంట్లో చేసేయన్నీ చేస్తానే ఉండాను అయ్యగారూ. ఇదొక్కటి గుళ్ళో కానీయండి."

మట్టల ఆదివారానికి ముందరి సాయంత్రం గుడిలో సంఘం కూడింది. మర్నాటికి ద్రాక్ష నానబోసి, పిండి జల్లించి పెట్టి, తెల్లచీర కట్టుకుని పోయాను. తలుపు పక్కన రేపటికని కోసుకొచ్చిన ఈత మట్టలు పచ్చివాసన వేస్తున్నాయి. ముందు బెంచీ మీద సంఘపెద్దలు. వాళ్ళలో మా ఆయన, తన చెప్పుల వంక చూసుకుంటూ. వాళ్ళందరికీ పెద్ద చిన్నపోలయ్య మామ, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని. ఆడవాళ్ళ వైపు మా అత్త. ఎప్పుడూ పలచగా ఉండే శనివారం గుడి ఆ రోజు నిండిపోయింది. పిల్లల పాఠాలు వినడానికి ఎవరూ రాలేదని నాకు తెలుసు.

పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్పారు. కరుణాకుమారి తడబడకుండా చెప్పింది. ఆఖరికి నేను లేచాను. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళకు ఏమేమి ఉండాలో చెప్పమన్నారు అయ్యగారు. పిండి విసురుతూ, పేడ ఎత్తుతూ నేర్చుకున్న జవాబు. చేసిన పాపానికి దుఃఖం ఉండాలని, పొరుగువాళ్ళతో తగువు లేకుండాలని, నమ్మకం ఉండాలని చెప్పాను. నా గొంతు ఆ గుడిలో, పాటలో కలవకుండా విడిగా, అంత పెద్దగా వినబడటం అదే మొదలు.

అయ్యగారు చాలన్నట్టు తలూపారు. చిన్నపోలయ్య మామ కర్ర ఎత్తాడు.

"ఒక్క మాటమ్మా లేయమ్మా. పిల్లకాయలంటే ఇప్పుడే ఎదిగినారు. నువ్వు మా మధ్యన్నే ఉండావు. ఇన్నేండ్లూ బల్లకాడికి రాకుండా ఏ పాపం అడ్డమొచ్చింది? ఊళ్ళో తలా ఒకటి అనుకుంటా ఉండారు. సంఘం ముందర ఒప్పుకుంటే నీకూ మంచిది, అయ్యవారికీ మర్యాద."

మా ఆయన లేవబోయారు. "మామా, అది ఇంటి పనుల వల్ల... "

"ఆమే చెప్పాలి అయ్యవారూ" అన్నారు పాస్టరయ్యగారు. ఎందుకన్నారో, తన పాఠం తనకే గుర్తొచ్చిందేమో.

సరిగ్గా అప్పుడే చిన్నపోలయ్య మామ మనవడు గుక్కపట్టి ఏడుపందుకున్నాడు. వాళ్ళమ్మ ఊరుకోబెట్టబోయింది. ఊరుకోలేదు. ఆమె లేచి, ఏమీ ఆలోచించకుండానే, ఎప్పటిలాగే, వరసల మధ్య నుంచి నా దగ్గరికి నడిచొచ్చి పిల్లవాణ్ణి నా వైపు చాచింది. సంఘం ముందు నిలబడి జవాబు చెబుతున్నదాని వైపు. నా చేతులు వాటంతటవే లేచాయి. సగం దాకా లేచిన వాటిని చూసుకున్నాను. వేళ్ళకు ఇంకా ద్రాక్ష జిగట ఉంది. మెల్లగా దించి, కొంగు కింద పెట్టుకున్నాను.

"పాపం కాదు మామా, నీ మనవడు. వాడికి ముందు వాడి అన్న, అక్క. నువ్వు మోకాళ్ళూనినప్పుడల్లా బయట నా చంకలో ఉండింది వీళ్ళే. రేపు నేను లోపలుంటా. వీణ్ణి ఎవురెత్తుకుంటారో నీ నోటితో నువ్వు చెప్పు."